గోదావరి గట్టు వెంట పాదయాత్ర: ముందుగా పాదాలను పరీక్షించుకొనండి

మన దేహంలో అందరికంటె ఎక్కువ శ్రమపడుతూ, అందరికంటె తక్కువ ఆదరణ పొందే అవయవం పాదం. ముఖాన్ని దినానికి పదిసార్లు అద్దంలో చూచుకొంటాము. తలకు నూనె తగ్గితే ఇంట్లోని పెద్దలు మందలిస్తారు. అరికాలిని చివరిసారిగా ఎప్పుడు చూచుకొన్నారని అడిగితే మాత్రం చాలామంది గృహస్థులు ఆలోచనలో పడతారు. మన పూర్వాచార్యుల దృష్టి వేరు. వాగ్భటాచార్యులు అష్టాంగహృదయంలో దినచర్యను వివరిస్తూ, నిత్యం తైలాభ్యంగం చేసుకొనవలెననీ, అందునా శిరస్సుకు, చెవులకు, పాదాలకు విశేషంగా చేసుకొనవలెననీ ఆదేశించారు. ఉత్తమాంగమైన శిరస్సుతో సమానంగా పాదాన్ని నిలిపిన శాస్త్రం మనది.

ఈ మాసం పాదాలను గురించి వ్రాయడానికి ప్రత్యేకమైన కారణం ఒకటి ఉన్నది. సంక్రాంతి వెళ్ళిన తరువాత, మేము ఇరవై ఒక్కరం రాజమహేంద్రవరం నుండి అంతర్వేది సాగరసంగమం వరకు వసిష్ఠ గోదావరి గట్టు వెంట కాలినడకన బయలుదేరుతున్నాము. సుమారు 100 కిలోమీటర్ల దూరాన్ని ఎనిమిది దినాలలో పూర్తిచేయవలెనని సంకల్పం. మాలో ఉపాధ్యాయులు, రైతులు, గృహిణులు, ఇద్దరు కళాశాల విద్యార్థులు ఉన్నారు. అరవై దాటినవారం ఆరుగురం. ఇది మొక్కు కాదు, పందెం కాదు. మేము నడిచే ప్రతి కిలోమీటరుకు బంధుమిత్రులు తమకు తోచినంత విరాళం ఇస్తారు. ఆ ధనంతో ఏం చేయదలచామో, ఇంతదూరం నడవదలచినవారు శరీరాన్ని ఎట్లు సిద్ధపరచుకొనవలెనో పాఠకులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఎందుకీ నడక?

గత వర్షాకాలంలో కొబ్బరికాయలు వలిచే కూలి ఒకాయన మా వైద్యశాలకు వచ్చాడు. వయస్సు యాభైకి లోపు. చెప్పు అడుగు అరిగిపోయి, అందులోని మేకు పైకి పొడుచుకొని వచ్చి అరికాలిలో దిగింది. ఆ మేకుతోనే ఆయన దినమంతా పనిచేశాడు. సాయంకాలం గడప మీద నెత్తుటి మరక చూచి భార్య కేకవేసేదాకా ఆయనకు తెలియనే లేదు. ఆ తరువాత పసుపు అద్ది గుడ్డ కట్టుకొని మరి పది దినాలు పనికి వెళ్ళాడు. నా దగ్గరకు వచ్చేనాటికి పుండు చుట్టూ చర్మం నల్లబడి, దుర్గంధం వస్తున్నది. అది గృహచికిత్సకు లొంగే స్థితి కాదు. ఆ పూటే పెద్దాసుపత్రికి పంపించాను. ప్రాణం దక్కింది గాని, మోకాలి క్రింద కాలు తీసివేయవలసి వచ్చింది.

“ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదయ్యా?” అని అడిగినప్పుడు ఆయన చెప్పిన సమాధానం ఇప్పటికీ నా చెవులలో ఉన్నది. “నొప్పి లేదు కదండీ, అందుకే రాలేదండి.”

మధుమేహంలో దాగిన ప్రమాదం ఇదే. నొప్పి శత్రువు కాదు, ఇంటి ముందు కాపలాదారు. చిరకాలం రక్తంలో చక్కెర అధికంగా ఉంటే పాదాల నాడులు మొద్దుబారి, ఆ కాపలాదారు నిద్రపోతాడు. దానికి తోడు రక్తప్రసరణ మందగించి గాయం మానదు. 2023లో ప్రచురితమైన భారతీయ వైద్య పరిశోధనా మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్లమంది మధుమేహంతో ఉన్నారు. ఒకప్పుడు ఇది కలవారి వ్యాధి అనేవారు. నేడు చేలలో, చేపల రేవులలో, కొబ్బరి కళ్ళాలలో పనిచేసేవారి ఇళ్ళలోనూ ఉన్నది. కలవారు మెత్తని పాదరక్షలు కొనుక్కొంటారు. కూలి జనం ఉత్తకాళ్ళతో బురదలో దిగుతారు.

ఈ యాత్రలో వచ్చే ధనంతో అటువంటి వారికి మూడు వస్తువులు సమకూర్చదలచాము: ఎం.సి.ఆర్. అని పిలువబడే మెత్తని రబ్బరు అట్టతో చేసిన చెప్పులు, పుండ్లకు శుభ్రమైన కట్టుగుడ్డలు, రక్తపరీక్షకు కావలసిన పట్టీలు. వీటిలో ఏదీ గొప్ప ఖరీదు చేసేది కాదు. అయినా వేళకు ఇంట్లో ఉంటే ఒక కాలు నిలుస్తుంది. ఆ కాలి మీద ఒక కుటుంబం నిలుస్తుంది.

దానం కోసం నడవడం మన ప్రాంతానికి కొత్త కాదు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే తెలంగాణలో నడుస్తూనే పోచంపల్లిలో భూదానానికి శ్రీకారం చుట్టారు. ఇక గోదావరి పాయల నడుమ లంకల గన్నవరంలో, వచ్చిన బాటసారికి వేళగాని వేళ సైతం అన్నం వడ్డించిన డొక్కా సీతమ్మగారు 1909లో కీర్తిశేషులైనా, కోనసీమలో ఆ తల్లి పేరు తలవని ఇల్లు అరుదు. నదిలో పడవ దిగి ఆకలితో నడిచి వచ్చేవారికి ఆమె ఇల్లే సత్రం. మేము తలపెట్టింది ఆ మహత్కార్యాల ముందు ఉడుతసాయం మాత్రమే.

మార్గము, ఋతువు

నాసిక్ సమీపాన త్ర్యంబకం వద్ద జన్మించిన గోదావరి 1,465 కిలోమీటర్లు ప్రయాణించి సముద్రంలో కలుస్తుంది. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852 నాటికి పూర్తిచేసిన ఆనకట్ట ఈ డెల్టాకు అన్నం పెట్టింది. ఇప్పుడు దాని స్థానంలో కాటన్ పేరుతోనే బారేజి నిలిచి ఉన్నది. అక్కడ నుండి నది గౌతమిగా, వసిష్ఠగా చీలుతుంది. మేము బారేజి మీదుగా విజ్జేశ్వరం చేరి, వసిష్ఠ కుడిగట్టు పట్టుకొని కాకరపర్రు, సిద్ధాంతం, దొడ్డిపట్ల మీదుగా నరసాపురం వరకు నడుస్తాము. అక్కడ పంటు మీద నది దాటి సఖినేటిపల్లి రేవులో దిగి, అంతర్వేది చేరుతాము.

ఏటిగట్టు నడకకు అనుకూలమైన బాట. వరదల నుండి ఊళ్ళను కాపాడడానికి వేసిన ఈ గట్టు ఎంత విలువైనదో 1986 ఆగస్టు వరదను చూచినవారికి తెలుసు. ఆనాడు భద్రాచలం వద్ద నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. గట్టుకు ఒకవైపు లంకలలో అరటి, కూరగాయల తోటలు. మరొకవైపు కొబ్బరితోటలు, దాళ్వా నాట్లు. చెట్టునీడ విరివిగా దొరుకుతుంది. ఊరికీ ఊరికీ నడుమ దూరం స్వల్పం కాబట్టి ఆపద వస్తే సాయం అందుతుంది.

ఇక ఋతువు విషయం. వ్యాయామాన్ని శీతకాలంలోను, వసంతంలోను బలంలో సగం వరకు చేయవచ్చుననీ, తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించవలెననీ శాస్త్రం చెబుతున్నది. హేమంతంలో జఠరాగ్ని ప్రబలంగా ఉండి, తిన్న ఆహారం బలంగా మారుతుంది. అందుచేతనే పుష్యమాసాన్ని ఎంచుకొన్నాము. భీష్మ ఏకాదశి కల్యాణోత్సవానికి అంతర్వేదిలో జనసమ్మర్దం ఏర్పడక మునుపే యాత్ర ముగుస్తుంది. ఈ కాలంలో తెల్లవారుజామున మంచు దట్టంగా కురుస్తుంది. కనుక సూర్యోదయం తరువాతనే అడుగు వేయవలెనని నియమం పెట్టుకొన్నాము. ఎండ ముదిరే వేళకు ఆనాటి నడక ముగియవలెను.

శాస్త్రంలో నడక: ఒక సందేహం, సమాధానం

సుశ్రుతాచార్యులు నడకను రెండు విధాలుగా విడదీశారు. దేహాన్ని మిక్కిలి పీడించనట్టి నడక ఆయువును, బలాన్ని, మేధను, జఠరాగ్నిని వృద్ధిచేస్తుందన్నారు. మితిమీరిన దారినడక శరీరకాంతిని, సుకుమారతను హరిస్తుందన్నారు. ఒకే నడక ఒకరికి ఔషధం, మరొకరికి అపథ్యం. ఆ గీత ఎక్కడున్నదో తెలుసుకోవడమే వైద్యుని పని.

మా బృందంలో పదవీ విరమణ చేసిన ప్రధానోపాధ్యాయులు ఒకరు ఉన్నారు. పదిహేను సంవత్సరాలుగా మధుమేహం ఉన్నది. సంస్కృతం చక్కగా చదివినవారు. సన్నాహ సమావేశం నాడు ఆయన నాతో ఇట్లా వాదించారు.

“వైద్యులుగారూ, నేను చెప్పులు లేకుండానే నడుస్తానండి. ఇది నా సొంత పైత్యం కాదు. సుశ్రుతంలోనే ఉంది కదండీ. ప్రమేహరోగి గొడుగు లేకుండా, పాదరక్షలు లేకుండా నూరు యోజనాలు నడవాలని. మీరు గురుకులంలో చదివినవారు, కాదనలేరు.”

ఆయన చెప్పినది నిజమే. చికిత్సాస్థానంలో ప్రమేహ చికిత్సను చెప్పేచోట ఆ మాట ఉన్నది. ధనం, బంధువులు లేని ప్రమేహరోగి భిక్షాన్నంతో, ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క రాత్రి ఉంటూ, మునివలె నిగ్రహంతో నూరు యోజనాలో అంతకు మించియో నడవవలెనని అక్కడి భావం.

“కాదనను మాస్టారూ,” అన్నాను. “అయితే ఆ మాట పక్కనే మరొక మాట ఉన్నది. కృశించినవానిని మాత్రం ఎల్లవేళలా కాపాడుకోవాలని. అంటే, ఆ నడక రోగులందరికీ ఒకే తూకంగా చెప్పినది కాదు. బలం ఉండి, దేహం స్థూలించి, వ్యాధి కొత్తగా ఉన్నవానికి చెప్పినది. చరకులవారు ప్రమేహ పూర్వరూపాలలో చేతులు, కాళ్ళు మొద్దుబారడం, మండడం చెప్పారా లేదా?”

“చెప్పారండి.”

“ప్రమేహరోగికి పిడకలు, అంటే కురుపులు, దేహంలో క్రిందిభాగంలోనే ఎక్కువగా వస్తాయని సుశ్రుతులవారే చెప్పారా లేదా?”

“అదీ చెప్పారండి.”

“మరి పాదరక్షలు ధరించడం నిత్యవిధిగా దినచర్యలో ఉన్నది. గొడుగు పట్టుకొని, చెప్పులు తొడుగుకొని, నాలుగు మూరల దూరం ముందుకు చూస్తూ నడవాలని వాగ్భటులవారు చెప్పారు. ఇన్ని మాటలను ప్రక్కన పెట్టి ఒక్క మాటను పట్టుకొంటే అది శాస్త్రం కాదు, పట్టుదల. మీ పాదం మొద్దుబారిందో లేదో ముందు చూద్దాం. మొద్దుబారకపోతే అప్పుడు వాదిద్దాం.”

ఆయన కుర్చీలో కూర్చొని కళ్ళు మూసుకొన్నారు. ఆరు వ్రేళ్ళను ఒక్కొక్కటిగా తాకాను. మూడింటిని తాకినట్లే ఆయనకు తెలియలేదు. కళ్ళు తెరచి, “అయిపోయిందా? ఇంకా మొదలుపెట్టలేదనుకొన్నానే!” అన్నారు. ప్రక్కన నిలబడిన ఆయన శ్రీమతి ముఖం పాలిపోయింది. అంతవరకు వేడుకగా చూస్తున్నవారందరూ మౌనం వహించారు.

మరునాడే ఆయన మధుమేహ నిపుణుని వద్దకు వెళ్ళి పూర్తి పరీక్ష చేయించుకొన్నారు. ఎనిమిది దినాల నడక తగదని ఆ వైద్యులు కూడా చెప్పారు. మాస్టారు నొచ్చుకొన్న మాట వాస్తవం. రెండు దినాలు మాట్లాడలేదు. మూడవనాడు తామే వచ్చి, “రసీదు పుస్తకాలు నా దగ్గర పెట్టండి. పావలా తేడా రానివ్వను. ధవళేశ్వరం దాకా మాత్రం బూట్లు వేసుకొని మీ వెంట వస్తాను. డాక్టరుగారు ఒప్పుకొన్నారు” అన్నారు.

ఆ శాస్త్రవాక్యంలో నన్ను కదిలించినది ‘ధనం లేనివాడు’ అన్న మాట. మందుకు, పథ్యానికి స్తోమత లేనివానికి ఆనాడు ఆచార్యులు చూపిన మార్గం నడక. నేడు ఆ స్తోమత లేనివాని పాదమే మొదట దెబ్బతింటున్నది. కనుక ఓపిక ఉన్నవారం వాని తరఫున నడవడం ఆ వాక్యానికి విరుద్ధం కాదని నా అభిప్రాయం.

ఇంటనే చేయదగిన స్పర్శపరీక్ష

మాస్టారికి చేసిన ఈ పరీక్షకు పరికరం అక్కరలేదు. ఆధునిక వైద్యులు సైతం అంగీకరించిన పద్ధతి ఇది. మధుమేహం ఉన్నవారిని కాళ్ళు చాపి కూర్చోబెట్టి కళ్ళు మూసుకొనమనండి. మీ చూపుడువ్రేలి కొనతో వారి బొటనవ్రేలు, నడిమివ్రేలు, చిటికెనవ్రేలు కొనలను ఒకటి రెండు క్షణాలపాటు సుతారంగా తాకండి. నొక్కరాదు, రుద్దరాదు, తట్టరాదు. రెండు పాదాలకు కలిపి ఆరు వ్రేళ్ళు. తాకిన వెంటనే కుడియో ఎడమయో చెప్పమనండి. ఆరింటిలో రెండు గాని అంతకు మించి గాని తెలియకపోతే పాదం ప్రమాదంలో ఉన్నట్లు గ్రహించి వెంటనే వైద్యుని చూడవలెను. అన్నీ తెలిసినా సంవత్సరానికి ఒకసారి వైద్యుని చేత పాదపరీక్ష తప్పదు.

నలభై దినాల సన్నాహం

దూరపు నడక ఒక్కనాటి ఉత్సాహంతో సాధ్యపడదు. మేము మండల దినాల అభ్యాసం పెట్టుకొన్నాము. మొదటి వారం దినానికి 2 కిలోమీటర్లు. వారం వారం రెండేసి కిలోమీటర్లు పెంచుతూ, ఆరవ వారానికి 12 కిలోమీటర్లకు చేరాము. వారంలో ఒకనాడు విశ్రాంతి విధిగా పాటించాము. చివరి మూడు దినాలు నడక తగ్గించి శరీరాన్ని సేదతీర్చవలెను.

బలంలో సగం అంటే ఎంత అని గృహిణులు తరచుగా అడుగుతారు. నుదుట, ముక్కు మీద, చంకలలో చెమట పుట్టి, నోరు ఆరడం మొదలైనదంటే సగం బలం ఖర్చయినదని గుర్తు. అక్కడ ఆగి నీడన కూర్చొనవలెను. శ్రమవలన కలిగే రొప్పును బలవంతాన ఆపుకొనరాదు. అది ఆపరాని వేగాలలో ఒకటి. దానిని అణచినవారికి హృద్రోగం, గుల్మం, మూర్ఛ వంటివి కలుగుతాయని శాస్త్రం హెచ్చరించింది. మలమూత్ర వేగాల విషయం కూడా ఇంతే. దారిలో ఇబ్బందియని స్త్రీలు నీరు త్రాగడం మానివేస్తారు. అది మిక్కిలి హానికరం. మేము ప్రతి విడిదిలోను స్త్రీలకు వసతి ఉన్నదో లేదో చూచిన తరువాతనే మజిలీ నిర్ణయించుకొన్నాము.

పాదరక్షణ, గృహచికిత్సలు

కొత్త చెప్పులతోగాని, బూట్లతోగాని యాత్రకు బయలుదేరరాదు. కనీసం నెల దినాలు వాడి మెత్తబడినవే ధరించవలెను. పాదం సాయంకాలానికి కొంత వాస్తుంది కాబట్టి బూట్లు సాయంకాలమే కొనవలెను. నూలు మేజోళ్ళు మూడు జతలు ఉంచుకొని, తడిసినది వెంటనే మార్చుకొనవలెను. గోళ్ళను తిన్నగా కత్తిరించవలెను గాని మూలలు లోతుగా తీయరాదు. తొడుగుకొనే ముందు చెప్పును, బూటును తలక్రిందులుగా దులిపి, లోపల చేతితో తడిమి చూడవలెను. మేకు, రాయి, తేలు ఏది ఉన్నా చేతికి తెలుస్తుంది.

పాదాభ్యంగం: రాత్రి పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వ్రేళ్ళసందులతో సహా పొడిగా తుడిచి, రెండు చెంచాల నువ్వులనూనెతో మడమ నుండి వ్రేళ్ళ వైపు పది నిమిషాలు మర్దన చేయవలెను. వ్రేళ్ళసందులలో నూనె నిలువనీయరాదు. వాతం శమించి, సుఖనిద్ర పడుతుంది.

అరికాళ్ళ మంట: ఆవునేతిని అరికాలికి రాసి, కంచుగిన్నె అడుగుతో నెమ్మదిగా రుద్దవలెను. నడకవలన కలిగిన వేడికి ఇది హితం. దినాల తరబడి తగ్గని మంటకు రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకొనవలెను.

మడమల పగుళ్ళు: నువ్వులనూనె 50 గ్రాములు వేడిచేసి, తేనెమైనం 10 గ్రాములు అందులో కరగించి, వడకట్టి చల్లార్చితే లేపనం తయారవుతుంది. రాత్రివేళ రాసి నూలు మేజోళ్ళు తొడుగుకొనవలెను. పగులు లోతై నెత్తురు వచ్చేటట్లుంటే వైద్యుని చూపించవలెను.

పిక్కలు పట్టుకొనుట: నువ్వులనూనె 100 మిల్లీలీటర్లు గోరువెచ్చగా చేసి, పొయ్యి మీద నుండి దించిన తరువాత, 5 గ్రాముల కర్పూరం పొడిచేసి కలిపి సీసాలో పోసి ఉంచుకొనవలెను. పైపూతకు మాత్రమే. గాయాలపై రాయరాదు. పసిపిల్లలకు అందనీయరాదు.

బొబ్బలు: బొబ్బను చిదమరాదు. శుభ్రంగా కడిగి, మెత్తని శుభ్రమైన గుడ్డతో కప్పి కట్టి, రాపిడి తగలకుండా చూడవలెను. తానుగా చితికితే చర్మాన్ని పీకివేయక కడిగి కట్టవలెను.

పై చికిత్సలన్నీ స్పర్శజ్ఞానం బాగుగా ఉన్న ఆరోగ్యవంతులకు చెప్పినవి. మధుమేహం ఉన్నవారు మరికొన్ని నిషేధాలు పాటించవలెను. కాళ్ళను వేడినీళ్ళలో ఉంచరాదు. వేడి తెలియక చర్మం ఉడికిపోయిన ఉదంతాలు నేను చూచాను. వేడికాపడం పెట్టరాదు. ఆనెకాయలను బ్లేడుతో కోయరాదు, జిల్లేడుపాలు వంటి తీక్ష్ణద్రవ్యాలు పూయరాదు. పుండుకు పసుపు, సున్నం, పసరు అద్ది దినాలు గడపరాదు. పాదాన చిన్న గాయమైనా ఆ దినమే వైద్యునికి చూపవలెను. ఆయుర్వేద వైద్యుడనైన నేనే ఈ మాట చెబుతున్నాను. వేళ మించిన పుండుకు శస్త్రచికిత్సాలయమే శరణ్యం. శల్యతంత్రాన్ని ప్రసాదించిన సుశ్రుతుల వారసులం మనం ఈ సత్యాన్ని అంగీకరించడానికి సంకోచించనక్కరలేదు.

ఆహారపానీయాలు

ఉదయం బయలుదేరే ముందు కడుపునిండా తినరాదు, ఉత్తకడుపుతోనూ నడవరాదు. రాగిజావ ఒక గిన్నెడు, లేదా రెండు ఇడ్డెనలు చాలును. నడుమ మజిలీలో అరటిపండుగాని, నానబెట్టిన పెసలుగాని తీసుకొనవచ్చును. మధ్యాహ్నం అన్నం, పెసరపప్పు, కూర, పలుచని మజ్జిగ. అటు తరువాత విశ్రాంతి. రాత్రి భోజనం పెందలకడనే తేలికగా ఉండవలెను. రాత్రి పెరుగు శాస్త్రనిషిద్ధం.

దప్పికకు మజ్జిగ అమృతతుల్యం. గ్లాసెడు పుల్లని పెరుగుకు మూడు గ్లాసుల నీరు చేర్చి చిలికి, కొద్దిగా అల్లం, కరివేపాకు, తగినంత ఉప్పు వేసుకొనవలెను. రక్తపుపోటు ఉన్నవారు ఉప్పు తగ్గించుకొనవలెను. కొబ్బరినీళ్ళు మా దారి పొడవునా దొరుకుతాయి. మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడగకుండా కొబ్బరినీళ్ళు త్రాగరాదు. నది ఎంత పవిత్రమైనా దాని నీటిని కాచి వడకట్టకుండా త్రాగరాదు.

మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు నడకవేళ ఉపవాసం ఉండరాదు, మందులు తామంతట తాము ఆపరాదు. నడుస్తుండగా వణుకు, చెమట, కళ్ళు తిరగడం, అమితమైన ఆకలి కలిగితే రక్తంలో చక్కెర పడిపోయినట్లు అనుమానించి, మూడు చెంచాల చక్కెర నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను. పావుగంటలో నెమ్మదించకపోతే మరల త్రాగి, సాయం కోరవలెను. స్పృహ తప్పినవారి నోట ఏమీ పోయరాదు.

మూటలో ఏమున్నది? ఎవరు ఆగవలెను?

మా మందులమూట చిన్నది. నువ్వులనూనె, మైనపు లేపనం, కర్పూరతైలం, శొంఠి, చక్కెర, ఉప్పు, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, దూది, శుభ్రమైన కట్టుగుడ్డలు, కత్తెర, చేతిదీపం, ప్రతివారి నిత్యౌషధాలు. ప్రతివారి జేబులోను పేరు, వ్యాధి వివరాలు, ఇంటివారి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంటుంది.

గట్టు మీద గడ్డి ఉన్నచోట పాములు ఉంటాయి. చేతికర్రతో నేలను తట్టుతూ నడవవలెను. పాముకాటు జరిగితే గాటు పెట్టడం, బిగించి కట్టడం, పసరు పోయడం చేయక, కాటుపడిన అవయవాన్ని కదలనీయకుండా 108కి ఫోను చేసి తక్షణం ఆసుపత్రికి చేర్చవలెను. విషానికి విరుగుడు మందు అక్కడ ఉన్నది, మంత్రగాని వద్ద లేదు.

ఛాతీలో నొప్పి, నడిస్తే ఆయాసం, అదుపులో లేని రక్తపుపోటు, పాదాన మానని పుండు, ఇటీవల జ్వరం వచ్చి తగ్గిన నీరసం ఉన్నవారు, గర్భిణులు దూరయాత్రకు పూనుకొనరాదు. వారు చేయదగిన పుణ్యకార్యాలు ఇంటనే ఎన్నో ఉన్నవి. మా మాస్టారి రసీదు పుస్తకం అందుకు నిదర్శనం.

పాఠకులకు విన్నపం

ఈ సంచిక మీ చేతికందేసరికి మేము విజ్జేశ్వరం దాటి గట్టు మీద నడుస్తూ ఉంటాము. ప్రతి సాయంకాలం విడిదిలో ఒకరి పాదాలను మరొకరు దీపపు వెలుగులో పరీక్షించుకొనే నియమం పెట్టుకొన్నాము. చిన్నా పెద్దా తారతమ్యం లేదు. మొదట సంకోచించిన విద్యార్థులు సైతం అభ్యాస దినాలలోనే దానికి అలవాటుపడ్డారు.

మీరు మాతో నడవనక్కరలేదు. మాకు ధనం పంపనూ అక్కరలేదు. ఈ రాత్రి భోజనానంతరం మీ ఇంట్లో మధుమేహం ఉన్న నాయనగారినో, అత్తగారినో దీపం దగ్గర కూర్చోబెట్టి, పాదాలు ఒడిలోనికి తీసుకొని, మడమ నుండి వ్రేళ్ళసందుల వరకు చూడండి. “నొప్పి లేదులే” అని వారు కాలు వెనుకకు లాగుకొంటారు. ఆ మాటతో తృప్తిపడక, ఆరు వ్రేళ్ళను తాకి చూడండి. మీ ఇంట పనిచేసే మనిషి, పాలు పోసే మనిషి అరిగిన చెప్పులతో వస్తున్నారేమో గమనించి, వీలైతే ఒక మంచి జత కొనిపెట్టండి.